సగటు ఉష్ణోగ్రతా, తుది ఉష్ణోగ్రతా?

సందేహం: వేర్వేరు ఉష్ణోగ్రతలు గల రెండు వాయువులు కలిసినప్పుడు చివరకు ఏర్పడే ఉష్ణోగ్రతను కొందరు ‘సగటు ఉష్ణోగ్రత’ అనీ, కొందరు ‘మిశ్రమ ఉష్ణోగ్రత’ అనీ, మరికొందరు ‘తుది ఉష్ణోగ్రత’ అనీ రాస్తున్నారు. వీటిలో ఏది సాధువు? ‘తుది’ తెలుగు మాట, ‘ఉష్ణోగ్రత’ సంస్కృత పదం కనుక మూడవది వైరిసమాసం కాదా?

సమాధానం: ‘తుది ఉష్ణోగ్రత’ అన్నదే అన్ని సందర్భాలలోనూ నిలిచే ప్రయోగం. అది వైరిసమాసం కాదు. సంస్కృత పదం ముందుండి తెలుగు మాట వెనుక చేరినప్పుడే ఆ దోషాన్ని చెబుతారు. తెలుగు మాట పూర్వపదంగా, సంస్కృత పదం ఉత్తరపదంగా ఉంటే అది మిశ్రసమాసం. ‘తుది నిర్ణయం’, ‘తుది ఫలితం’ వంటివి ఎవరికీ అభ్యంతరం లేకుండా వాడుకలో ఉన్నాయి కదా.

‘సగటు ఉష్ణోగ్రత’ విషయం ఇంత తేలికగా తేలేది కాదు. దీనిలో వ్యాకరణ దోషం ఏమీ లేదు. దోషమంతా అర్థంలో ఉంది. సగటు అనగానే చదువరి రెండు అంకెలను కూడి రెండుతో భాగిస్తాడు. కాని ఉష్ణ, ఉగ్రత అనే రెండు పదాలు గుణసంధితో కలిసి ఏర్పడిన ‘ఉష్ణోగ్రత’ అనే మాట ఉష్ణం ఎంత తీవ్రంగా ఉన్నదో చెబుతుందే గాని, ఎంత ఉన్నదో చెప్పదు. తీవ్రతలను కూడి మొత్తం కట్టలేము. వాయువులు కలిసినప్పుడు నిజంగా కూడికకు వచ్చేది వాటి అంతర్గత శక్తి.

ఒక దృఢమైన, ఉష్ణబంధకంతో కప్పిన పాత్రలో అడ్డుపలకకు ఒకవైపు 300 కెల్విన్‌ల ఉష్ణోగ్రత గల హీలియం ఒక మోల్, మరొకవైపు 400 కెల్విన్‌ల ఉష్ణోగ్రత గల నైట్రోజన్ ఒక మోల్ ఉన్నాయనుకుందాం. రెండింటినీ ఆదర్శ వాయువులుగానే భావిద్దాం. పలకను తీసివేస్తే ఉష్ణం బయటికి పోదు, వాయువు బయటి దేనిమీదా పని చేయదు. కాబట్టి మొత్తం అంతర్గత శక్తి మారదు, అంటే నైట్రోజన్ కోల్పోయినంత శక్తిని హీలియం గ్రహిస్తుంది. స్థిర ఘనపరిమాణం దగ్గర మోలార్ విశిష్టోష్ణం, అంటే ఒక మోల్ వాయువు ఉష్ణోగ్రతను ఒక కెల్విన్ పెంచడానికి కావలసిన ఉష్ణం, ఏకపరమాణుక వాయువైన హీలియంకు వాయు స్థిరాంకానికి ఒకటిన్నర రెట్లు, ద్విపరమాణుక వాయువైన నైట్రోజన్‌కు ఈ ఉష్ణోగ్రతల దగ్గర దాదాపు రెండున్నర రెట్లు ఉంటుంది. ఒక్కొక్క ఉష్ణోగ్రతను ఆ వాయువు మోల్‌ల సంఖ్యతోనూ విశిష్టోష్ణంతోనూ గుణించి, ఆ లబ్ధాలను కూడి, మొత్తం ఉష్ణధారణతో, అంటే మోల్‌ల సంఖ్యను విశిష్టోష్ణంతో గుణించగా వచ్చిన విలువల మొత్తంతో, భాగించాలి. వాయు స్థిరాంకం పైనా కిందా ఉండి కొట్టివేయబడుతుంది. 1.5ను 300తో గుణిస్తే 450, 2.5ను 400తో గుణిస్తే 1000. వాటి మొత్తమైన 1450ని, 1.5, 2.5ల మొత్తమైన 4తో భాగిస్తే 362.5 కెల్విన్‌లు వస్తుంది. మామూలు సగటు 350 మాత్రమే. నైట్రోజన్ అణువులు తిరుగుడు చలనంలో కూడా శక్తిని దాచుకుంటాయి కనుక తుది ఉష్ణోగ్రత దాని వైపు మొగ్గింది.

ఇదే రెండు వాయువులు మూసిన పాత్రలో కాక, స్థిర పీడనం దగ్గర మోల్‌కు మోల్ చొప్పున ప్రవాహాలుగా వచ్చి కలిస్తే స్థిర పీడన విశిష్టోష్ణాలను తీసుకోవాలి. అప్పుడు జవాబు సుమారు 358.3 కెల్విన్‌లు. ఒకే వాయువు, ఒకే పీడనంతో, సమాన ఘనపరిమాణం గల రెండు గదులలో 300, 400 కెల్విన్‌ల ఉష్ణోగ్రతలతో ఉండి, నడిమి అడ్డు తీసినప్పుడు కలిస్తే సుమారు 343 వస్తుంది. చల్లని గదిలో మోల్‌లు ఎక్కువగా ఉండడమే దీనికి కారణం. ఇది గణితంలో హరాత్మక మధ్యమం, అంటే విలోమాల సగటుకు విలోమం. మొదటి రెండూ భారిత మధ్యమాలు, అంటే ఒక్కొక్క అంకెకు దాని ప్రాధాన్యాన్ని బట్టి బరువు ఇచ్చి కట్టిన సగటులు. రెండు వైపులా ఉష్ణధారణ సమానంగా ఉన్నప్పుడే, ఉదాహరణకు ఒకే వాయువు సమాన సంఖ్యలో మోల్‌లు ఉన్నప్పుడు, 350 సరిపోతుంది. కాబట్టి ఏ సగటో చెప్పకుండా ‘సగటు ఉష్ణోగ్రత’ అని రాయడం చదువరిని దారి తప్పించడమే అవుతుందని నా దృఢాభిప్రాయం. హరాత్మక మధ్యమంలో మరొక చిక్కు ఉన్నది. భారిత మధ్యమాన్ని సెల్సియస్ అంకెలతో కట్టినా సరైన జవాబే వస్తుంది కాని, దీనిని కెల్విన్ మానంలోనే కట్టాలి. 27, 127 డిగ్రీల సెల్సియస్‌తో కడితే సుమారు 44.5 వస్తుంది, నిజమైన జవాబు సుమారు 70 డిగ్రీలు.

‘మిశ్రమ ఉష్ణోగ్రత’ను షష్ఠీ తత్పురుషంగా, అంటే ‘మిశ్రమం యొక్క ఉష్ణోగ్రత’గా గ్రహిస్తే తప్పు లేదు. అయితే ‘మిశ్రమ ఫలితాలు’, ‘మిశ్రమ స్పందన’ అనే వాడుకలకు అలవాటుపడిన చెవికి ఇది కర్మధారయంగా, అంటే మొదటి మాట రెండవదానికి విశేషణమైన సమాసంగా, కలగలిసిన ఉష్ణోగ్రతగా వినిపిస్తుంది. ‘మిశ్రమపు ఉష్ణోగ్రత’ అని మార్చినా మేలు లేదు. ఆ ‘పు’ను సంప్రదాయ వ్యాకరణం కర్మధారయంలోనే విధించింది. ‘గ్రామం పేరు’ అన్నట్లు ‘మిశ్రమం ఉష్ణోగ్రత’ అంటే సందిగ్ధత పోతుంది.

మీరు అడగకపోయినా క్రియల విషయం కూడా చెప్పవలసి ఉన్నది. ఉష్ణం ప్రసరిస్తుంది, ఉష్ణోగ్రత ప్రసరించదు. అది పెరుగుతుంది, తగ్గుతుంది, సమానమవుతుంది. అలాగే ‘కలిసినప్పుడు’, ‘కలిపినప్పుడు’ అన్నవి ఒకదానికొకటి బదులుగా వాడదగినవి కావు. అడ్డు తొలగితే వాయువులు వాటంతట అవే కలుస్తాయి. పంపుతో ఒకదానిని రెండవదానిలోకి నెట్టితే మనం కలుపుతున్నాం. అప్పుడు పంపు చేసిన పని కూడా శక్తిగా వాయువులో చేరి, తుది ఉష్ణోగ్రత పై లెక్కకు మించి వస్తుంది. ఈ తేడాను క్రియ ఒక్కటే మోయలేదు కనుక షరతును విడిగా రాయడం మంచిది.

పై ఉదాహరణను ప్రశ్నగా ఇవ్వాలంటే ఇలా రాయవచ్చు: ‘ఉష్ణబంధకంతో కప్పిన దృఢమైన పాత్రలో అడ్డుపలకకు ఒకవైపు 300 కెల్విన్‌ల ఉష్ణోగ్రత గల హీలియం ఒక మోల్, మరొకవైపు 400 కెల్విన్‌ల ఉష్ణోగ్రత గల నైట్రోజన్ ఒక మోల్ ఉన్నాయి. పలకను తీసివేసిన తరువాత సమతాస్థితిలో మిశ్రమం తుది ఉష్ణోగ్రత ఎంత?’