వలస అమెరికా భక్తిని చదవబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పద్దెనిమిదో శతాబ్దపు తొలి ముప్పై ఏళ్ళలో న్యూ ఇంగ్లండ్ (బోస్టన్ చుట్టుపక్కల ఆంగ్లేయ వలసల ప్రాంతం) ప్రజల దైవభక్తి, దైనందిన జీవితం అనే అంశాన్ని పరిశోధనకు ఎంచుకున్నావని, అచ్చయిన చర్చి ప్రసంగాలన్నీ చదివాకే మిగతా పత్రాల జోలికి వెళ్ళదలచావని నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఆ వరుసను తిరగవెయ్యమని నా సలహా. జనం ఎలా బతకాలని బోధకుడు కోరుకున్నాడో ప్రసంగం చెబుతుంది. వాళ్ళు ఎలా బతికారన్నది మాత్రం దినచర్యల్లోనూ, వీలునామాల్లోనూ, పోయినవారి ఇంటి సామాను జాబితాల్లోనూ, చర్చి సంఘాల దస్తావేజు పుస్తకాల్లోనూ దొరుకుతుంది. ముందు వీటితో పరిచయం పెంచుకో.

అంతకంటే ముందు తేదీల సంగతి తేల్చుకోవాలి. 1752 వరకు ఇంగ్లండూ దాని వలసలూ పాత జూలియన్ పంచాంగాన్నే పాటించాయి; చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందువల్ల జనవరి ఒకటి నుంచి మార్చి 24 వరకు వచ్చే తేదీలకు చాలామంది రెండు సంవత్సరాల అంకెలు వేశారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పుట్టినది మన లెక్కలో 1706 జనవరి 17. ఆనాటి బోస్టన్ లెక్కలో, పదకొండు రోజులు వెనకగా, 1705 జనవరి 6. నడి చలికాలమైనా, పుట్టిన రోజే ఆ పసివాణ్ణి దగ్గరలోని ఓల్డ్ సౌత్ మందిరానికి తీసుకువెళ్ళి బాప్తిస్మం ఇప్పించారు. ఇక క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు నెలల పేర్లలోని అన్యదేవతల పేర్లు పలకడం ఇష్టంలేక ‘మొదటి నెల’ అని రాస్తే, 1752కు ముందు అది మార్చి, తరువాత జనవరి. ఈ జాగ్రత్త తీసుకోక, బిడ్డ పుట్టకముందే బాప్తిస్మం జరిగినట్టు లెక్క తేల్చిన విద్యార్థుల వ్యాసాలు నా చేతికి చాలానే వచ్చాయి.

దినచర్యల్లో శామ్యూల్ సూవల్‌ది తప్పకుండా చదువు. ఆయన బోస్టన్ న్యాయమూర్తి. 1692లో సేలం ఊళ్ళో మంత్రగత్తెలన్న నింద మోపి నడిపిన కేసుల్లో తీర్పు చెప్పినవారిలో ఒకడు. ఐదేళ్ళ తరువాత, వలస అంతటా ఉపవాస దినంగా ప్రకటించిన రోజున, తన పశ్చాత్తాప పత్రాన్ని బోధకుడు చదువుతుండగా సంఘమంతటి ఎదుట లేచి నిలబడ్డాడు. ఈ ఘట్టం అందరికీ తెలిసినదే కనుక అందరూ అక్కడే ఆగిపోతారు. నువ్వు మాత్రం 1720 శరత్కాలానికి వెళ్ళు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, భార్య పోయిన ఆయన కేథరిన్ విన్‌త్రాప్ అనే వితంతువును పెళ్ళాడాలని ఆమె ఇంటి చుట్టూ తిరుగుతుంటాడు. ఒకసారి అరపౌను పంచదార బాదం పట్టుకెళ్ళి, పౌను మూడు షిల్లింగులని రాసుకుంటాడు. మరొకసారి క్రీస్తుకూ సంఘానికీ గల వివాహబంధం గురించిన బోధల పుస్తకం ఇచ్చి, వేలంలో ఆరు షిల్లింగులు పడిందని రాసుకుంటాడు. ఆమె విగ్గు పెట్టుకోమంటుంది, గుర్రపు బండి ఉంచమంటుంది. దేవుడిచ్చిన జుట్టు ఉండగా విగ్గు ఎందుకని ఆయన వాదిస్తాడు. సంబంధం కుదరలేదు. బాదంపప్పు ధర, భక్తి గ్రంథం ధర, పెళ్ళి బేరం, ప్రార్థన అన్నీ ఒకే చేతిరాతలో వస్తుంటే, వీటిలో ఇది మతమనీ ఇది సంసారమనీ గీత గియ్యాలని నీకు అనిపిస్తుంది. గియ్యకు. ఆ గీత ఆయనకు లేదు. దీన్ని కపటమని కొట్టిపారెయ్యడం తేలిక, కానీ అలా అనేవారు దినచర్య పూర్తిగా చదివి ఉండరని నా అనుమానం.

వీలునామాల దగ్గర మాత్రం దీనికి విరుద్ధమైన జాగ్రత్త అవసరం. ‘దేవుని నామమున, ఆమేన్’ అని మొదలై, ఆత్మను సృష్టికర్తకూ దేహాన్ని మట్టికీ అప్పగించే ఆ తొలి వాక్యాలను చూసి పోయినవాడి విశ్వాసాన్ని కొలవకు. మన శుభలేఖ మీద ‘శ్రీరస్తు శుభమస్తు’ లాగే, అది చాలావరకు రాసేవాడి అలవాటు. అదే మనిషి సామాను జాబితా తీస్తే ఈక పరుపు, ఇత్తడి కళాయి, పొయ్యి పటకారు మధ్యన ఒక బైబిలు, ‘కొన్ని పాత పుస్తకాలు’ కనిపిస్తాయి. ఆ బైబిలు ఏ గదిలో ఉందో, దానిని ఎవరికి రాశాడో చూడు.

సంఘ పుస్తకాలు తెరిచినప్పుడు, మందిరానికి వచ్చినవారంతా సంఘ సభ్యులు కారని మరచిపోకు. సభ్యత్వానికీ ప్రభురాత్రి భోజనానికీ చాలా చోట్ల దేవుడు తమను మార్చిన అనుభవాన్ని చెప్పుకోవాల్సి వచ్చేది; ఆ ధైర్యం చాలక జీవితాంతం వెలుపలే ఉండిపోయిన భక్తులు ఎందరో. 1662లో చర్చిలు చేసుకున్న సర్దుబాటు తరువాత అటువంటివారి పిల్లలకూ బాప్తిస్మం దొరికింది. కాబట్టి సభ్యుల సంఖ్య తగ్గింది కనుక భక్తీ తగ్గిందని రాయవద్దు.

నీ పరిశోధనకు నడిబొడ్డుగా 1721 బోస్టన్‌ను పెట్టుకోమంటాను. ఏప్రిల్‌లో వెస్టిండీస్ నుంచి వచ్చిన ఓడతో మశూచి దిగింది. సుమారు పదకొండు వేల జనాభాలో సగానికి జబ్బు సోకి, 844 మంది పోయారు. పొక్కుల రసిని ఆరోగ్యవంతుల చర్మానికి గాటు పెట్టి ఎక్కిస్తే జబ్బు తేలికగా పోతుందని బోధకుడు కాటన్ మాథర్‌కు మొదట చెప్పినది, అతని ఇంట బానిసగా ఉన్న ఆఫ్రికా మనిషి. అతనికి మాథర్ పెట్టిన పేరు ఒనేసిమస్. పౌలు ఫిలేమోనుకు రాసిన లేఖలోని దాసుడి పేరు. జూన్ 26న వైద్యుడు జబ్డియల్ బాయిల్‌స్టన్ ముందుగా తన కొడుక్కూ, ఇద్దరు బానిసలకూ రసి ఎక్కించాడు. ఆ బానిసలను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్నను నీ అధ్యాయంలో వదలకు. ఊరు రెండుగా చీలింది. ఇక్కడే మన అంచనా తలకిందులవుతుంది: ప్రముఖ బోధకులు రసి పక్షాన నిలిచారు, ఊళ్ళో వైద్య పట్టా ఉన్న ఒకే ఒక్కడు విలియం డగ్లస్ వ్యతిరేకించాడు. ఇది దైవసంకల్పానికి అడ్డుపడటమని ఒకరంటే, దేవుడే చూపిన సాధనమని మరొకరన్నారు. నవంబరులో మాథర్ ఇంటి కిటికీలోంచి బాంబు విసిరారు, అది పేలలేదు. ఇరుపక్షాలూ అవే బైబిలు వాక్యాలను ఆశ్రయించాయి కనుక, మతానికీ విజ్ఞానానికీ యుద్ధమని శీర్షిక పెట్టేందుకు తొందరపడకు.

బోస్టన్‌ను చూపి అమెరికా అని రాయవద్దు. వర్జీనియాలో ఇంగ్లండు అధికార చర్చి అయిన ఆంగ్లికన్ శాఖ పారిష్ (చర్చి పరిధి) పాలన వేరు, మతస్వేచ్ఛనిచ్చిన 1701 హక్కుల పత్రం నీడన క్వేకర్లు, మెన్నోనైట్ శాఖకు చెందిన జర్మన్లు కలిసి బతికిన పెన్సిల్వేనియా వేరు. మన తీరంతో ముడి కావాలంటే మాత్రం మాథర్ దగ్గరే ఉంది: తమిళ తీరంలోని తరంగంబాడి మిషనరీలకు ఆయన ఉత్తరాలు రాశాడు. మదరాసు మాజీ గవర్నరు ఎలిహూ యేల్ ఒక కళాశాలకు సాయం చెయ్యాలని కోరినవారిలోనూ ఆయన ఒకడు. యేల్ పంపిన సరుకును 1718లో అమ్మగా వచ్చిన సొమ్ముతోనే కళాశాలకు యేల్ పేరు పడింది. ఇది అడుగున ఒక గమనికగా సరిపోతుంది, అధ్యాయం అక్కరలేదు.

బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలస పౌనును ఇంగ్లండు స్టెర్లింగ్‌గా లెక్కకట్టకు. 1690 నుంచి అక్కడ నడిచిన కాగితపు డబ్బు విలువ కాలక్రమంలో పడిపోయింది. ముందుగా ఒకే వీధికి చెందిన రెండు ఇళ్ళ సామాను జాబితాలకు నకళ్ళు రాసి నాకు పంపు. వర్ణక్రమం దిద్దకుండా, కొట్టివేతలతో సహా ఉన్నది ఉన్నట్టే ఉండాలి.

ఇట్లు,
మామయ్య