జర్మనీ, స్పెయిన్: యువ నిరుద్యోగంలో ఇంత తేడా ఎందుకు?

రెండూ యూరో వాడే దేశాలే అయినా, జర్మనీలో యువ నిరుద్యోగం తక్కువగా, స్పెయిన్‌లో ఎక్కువగా ఉండటం ప్రభుత్వ పథకాల ఫలితమేనా అని మీరు అడిగారు. నేను జర్మనీలోని స్టుట్‌గార్ట్ సమీపంలో ఒక యంత్రాల తయారీ సంస్థలో పనిచేస్తున్నాను. ఇక్కడ చూసినదాన్ని బట్టి, పథకాలకు కేటాయించే డబ్బు కన్నా, కొత్తవారికి పని నేర్పే బాధ్యతను యాజమాన్యాలు తీసుకుంటాయా లేదా అన్నదే అసలు తేడా తెస్తుందని నా అభిప్రాయం.

మా సంస్థలో ఆవుస్‌బిల్డుంగ్‌లో, అంటే పనిచేస్తూ వృత్తి నేర్చుకునే శిక్షణలో, చేరినవారు వారంలో మూడు నాలుగు రోజులు యంత్రాల దగ్గర, మిగిలిన రోజులు వృత్తి విద్యా పాఠశాలలో గడుపుతారు. మొదటి నెల నుంచే భత్యం అందుతుంది. మూడు, మూడున్నర ఏళ్ల తర్వాత పరీక్ష నిర్వహించేది సంస్థ కాదు, పరిశ్రమల, వాణిజ్య మండలి. అందువల్ల ఆ ధ్రువపత్రానికి దేశమంతటా విలువ ఉంటుంది. అంతకాలం ఖర్చుపెట్టి తయారుచేసుకున్న మనిషిని వదులుకోవడానికి యాజమాన్యం సులభంగా ఇష్టపడదు. అయితే చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి తర్వాతే పిల్లలను వేర్వేరు రకాల బడులకు పంపడం వల్ల, వలస కుటుంబాల పిల్లలు చాలామంది ఈ అవకాశానికి దూరమవుతున్నారు. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది.

స్పెయిన్‌లో 2008 తర్వాత నిర్మాణ రంగం కుప్పకూలినప్పుడు, తాత్కాలిక ఒప్పందాలపై ఉన్న యువతే ముందుగా పని కోల్పోయింది. 2013లో అక్కడ 25 ఏళ్లలోపువారి నిరుద్యోగ రేటు 55 శాతానికి చేరగా, జర్మనీలో అది 8 శాతం లోపే ఉంది. ఆ రోజుల్లో దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియా నుంచి వచ్చిన మా సహోద్యోగి ఒకరు, అంతకుముందు అన్నీ కొన్ని నెలల ఒప్పందాలేనని చెప్పేవారు. ఆరు నెలల్లో పంపేయబోయే మనిషికి ఏ యజమాని శ్రద్ధగా పని నేర్పుతాడు? 2021 చివర్లో తెచ్చిన కార్మిక సంస్కరణ అలాంటి ఒప్పందాలను బాగా కట్టడి చేసింది. నా దృష్టిలో పథకాలన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది అదే. ఒక జాగ్రత్త కూడా అవసరం: 55 శాతమంటే యువతలో సగానికి పైగా నిరుద్యోగులని కాదు. పనిచేస్తున్నవారు, పని వెతుకుతున్నవారు మాత్రమే ఈ లెక్కలోకి వస్తారు, పని వెతకని విద్యార్థులు రారు. కాబట్టి చదువులోగానీ పనిలోగానీ శిక్షణలోగానీ లేని యువత శాతాన్ని కూడా చూడాలి.

చదువు ఆపిన లేదా పని పోయిన నాలుగు నెలల్లోగా ఉద్యోగమో చదువో శిక్షణో చూపించాలని 2013లో యూరోపియన్ యూనియన్ యూత్ గ్యారంటీ ద్వారా సభ్యదేశాలను కోరింది. 2020లో దాన్ని 30 ఏళ్లలోపువారికి విస్తరించింది. ఉద్దేశం మంచిదే, కానీ నేర్పే సంస్థలు లేనిచోట ఆ హామీ ఏదో ఒక చిన్న కోర్సుతో ముగిసిపోతుంది. ఆస్ట్రియాలో ఏ సంస్థలోనూ చోటు దొరకనివారికి ప్రభుత్వ ఖర్చుతో నడిచే శిక్షణ కేంద్రాల్లో, సంస్థల్లో నేర్పే వృత్తినే నేర్పిస్తారు. 18 ఏళ్లు నిండేదాకా చదువో శిక్షణో తప్పనిసరి చేస్తూ 2016లో చట్టం కూడా చేశారు. చిన్న చిన్న సంస్థలే ఎక్కువగా ఉన్న స్పెయిన్‌కు జర్మనీ పద్ధతి కన్నా ఆస్ట్రియా పద్ధతే సరిపోతుందని నేను భావిస్తున్నాను.