విండోస్ 11కి మారాక ఫోల్డర్లు తెరుచుకోవడం లేదా? ఎస్‌ఎస్‌డీ కొనే ముందు ఇది చూడండి

విండోస్ 10 నుంచి 11కి మారిన దగ్గర్నుంచి ఏ ఫోల్డర్ నొక్కినా ‘వర్కింగ్ ఆన్ ఇట్’ అంటూ కూర్చుంటోందనీ, షాపతను ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్) వేయించుకోమన్నాడనీ రాశారు. డబ్బు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. సిస్టమ్ రీస్టార్ట్ చేసి, ఆదేశాలు టైప్ చేసే నల్ల విండో, అంటే కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఇంగ్లిష్‌లో డీఐఆర్ (dir) అని మూడక్షరాలు కొట్టి, ఒక స్పేస్ వదిలి, సతాయించే ఫోల్డర్‌ని మౌస్‌తో లాక్కొచ్చి ఆ నల్ల విండోలో వదలండి. ఎంటర్ కొట్టగానే పేర్లన్నీ జలజలా వచ్చేస్తే డిస్క్‌కి పెద్ద రోగం లేనట్టే. ఫోల్డర్లు తెరిచి చూపించే ఎక్స్‌ప్లోరర్ ఇంకెవరి జవాబు కోసమో ఎదురుచూస్తోందన్నమాట.

మా ఇంట్లో జరిగింది సరిగ్గా అదే. నాన్నగారి సిస్టమ్‌లో ఉన్నది విండోస్ 11 ప్రో ఎడిషన్. దాని 24హెచ్2 వెర్షన్ పడ్డాక ఎక్స్‌ప్లోరర్ తెరవడమే గగనమైపోయింది. లోపల ఎస్‌ఎస్‌డీ ఉంది, ర్యామ్‌కి లోటు లేదు. తీరా చూస్తే, రూటర్ వెనక గుచ్చిన పాత హార్డ్‌డిస్క్‌ని ఎప్పటి నుంచో జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసుకుని, అంటే నెట్‌వర్క్ మీదుగా సిస్టమ్‌లోని డ్రైవ్‌లా కనిపించేలా పెట్టుకుని వాడుతున్నారు. దానికి పాస్‌వర్డ్ లేదు. 24హెచ్2 నుంచి ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లను (నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్లను) ఒప్పుకోరు, ఎస్‌ఎంబీ సైనింగ్, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునేటప్పుడు డిజిటల్ సంతకం కూడా తప్పనిసరి. జెడ్ డ్రైవ్‌కి దారి మూసుకుపోయింది గానీ, ‘హోమ్’ పేజీలో పిన్ చేసిన పెళ్లి ఫొటోల ఫోల్డరూ, ఈమధ్య చూసిన ఫైళ్లూ ఇంకా అక్కడికే చూపిస్తున్నాయి. తెరిచిన ప్రతిసారీ ఎక్స్‌ప్లోరర్ వెళ్లి ఆ మూసిన తలుపు తడుతూ నిలబడేది.

దిస్ పీసీలో జెడ్ మీద రైట్ క్లిక్ చేసి డిస్కనెక్ట్ చేశాను. మీకు ఆ మాట కనిపించకపోతే ‘షో మోర్ ఆప్షన్స్’లో ఉంటుంది. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిస్టరీ క్లియర్ చేసి, ఎక్స్‌ప్లోరర్ ‘హోమ్’కి బదులు ‘దిస్ పీసీ’తో మొదలయ్యేలా మార్చాను. పిన్‌లు కూడా తీసేశాను. అంతే, మళ్లీ నొక్కగానే తెరుచుకుంది. ఫొటోలకేమీ కాలేదు, ఆ హార్డ్‌డిస్క్‌ని నేరుగా యూఎస్‌బీకి పెట్టి కాపీ చేసుకున్నాం. సైనింగ్‌నీ గెస్ట్ నిషేధాన్నీ ఎత్తేసే చిట్కాలు నెట్‌లో బోలెడు దొరుకుతాయి. ఇంటి నెట్‌వర్కే కదా అని వాటి జోలికి వెళ్లకండి. ఉన్న షేర్‌కి పాస్‌వర్డ్ పెట్టుకోవడం మేలు.

మీకు నెట్‌వర్క్ డ్రైవ్ ఏదీ లేకపోతే, ఎక్కడ ఆగుతోందో గమనించండి. డౌన్‌లోడ్స్ లాంటి ఒక్క ఫోల్డరే సతాయిస్తుంటే, దాని ప్రాపర్టీస్‌లో కస్టమైజ్ ట్యాబ్‌కి వెళ్లి ‘జనరల్ ఐటెమ్స్’ ఎంచుకోండి. ఆ ఫోల్డర్‌ని విండోస్ ఫొటోల ఫోల్డరో వీడియోల ఫోల్డరో అనుకుంటే, ఒక్కో ఫైలునీ తెరిచి ఎప్పుడు తీశారో, ఎంతసేపు ఆడుతుందో చదువుతూ పోతుంది. వాట్సాప్ వీడియోలు వేలకొద్దీ పోగుపడ్డ చోట ఇది నరకం. రైట్ క్లిక్ చేసినప్పుడు మాత్రమే నిలిచిపోతుంటే, మెనూలోకి చొరబడ్డ పాత జిప్ సాఫ్ట్‌వేరో యాంటీవైరసో అయివుంటుంది. అప్‌డేట్ చేయండి, అక్కర్లేకపోతే పీకేయండి.

అప్‌గ్రేడ్ చేసి రెండు మూడు రోజులే అయితే ఇవేవీ ముట్టుకోకుండా సిస్టమ్‌ని ఒక రాత్రి ఆన్‌లో వదిలేయండి. సెర్చ్ ఇండెక్స్ (ఫైళ్లను త్వరగా వెతకడానికి విండోస్ రాసుకునే పట్టిక) కొత్తగా కట్టుకుంటున్నంతసేపూ మామూలు హార్డ్‌డిస్క్ గిలగిలలాడుతుంది. విండోస్ సెట్టింగుల చిట్టాని శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్లు మాత్రం వద్దు. 10 రోజుల్లోపు పాత విండోస్‌కి వెనక్కి వెళ్లే వీలుంది గానీ, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసిపోయింది కాబట్టి ఆ దారి నేను పట్టను.

ఇక డీఐఆర్ కొట్టినా ముక్కుతూ మూలుగుతూ వస్తే షాపతను చెప్పింది నిజం కావచ్చు. అప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసి డిస్క్ ఆరోగ్యం చూడండి. ‘కాషన్’ అని పసుపు రంగు కనిపిస్తే, మిగతా పనులన్నీ ఆపి ముందు ఫొటోలూ కాగితాలూ వేరే చోటికి కాపీ చేసుకోండి. డీఐఆర్ ఫలితం ఏమొచ్చిందో, ఫోల్డర్ తెరిచేటప్పుడు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎంత శాతం చూపిస్తోందో ఇక్కడ రాస్తే తర్వాత ఏం చేయాలో చెప్తాను.