మొదటి డీఎస్ఎల్ఆర్: బాడీ కంటే ముందు లెన్స్ సంగతి చూసుకోండి

ఇంట్లో పాప ఫొటోలు, బంధువుల పెళ్లిళ్లు తీయడానికి మొదటి డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగలిగే కెమెరా) కావాలని ఒకరు అడిగారు. కానన్ 1500డీ, 200డీ మార్క్ 2, నికాన్ డీ3500లలో ఏది తీసుకోవాలో తేలడం లేదన్నారు. వారికి నా జవాబు ఇది. నేను కొన్నేళ్లుగా 1500డీ వాడుతున్నాను, మా తమ్ముడి దగ్గర డీ3500 ఉంది. మూడింటిలోనూ ఉన్నది 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ సెన్సరే (కాంతిని ఫొటోగా మార్చే చిప్, పాత ఫిలిం కంటే చిన్న సైజుది). నేను వాడిన రెండింటి ఫొటోలూ పక్కపక్కన పెడితే ఏది దేనితో తీశామో నేనే చెప్పలేను. కాబట్టి బడ్జెట్ అంతా బాడీ (లెన్స్ లేని కెమెరా) మీద పెట్టకండి, ఒక మంచి లెన్స్‌కి ముందే డబ్బు పక్కన పెట్టుకోండి.

మీ పాప ఫొటోలు ఎక్కువగా తీసేది ఇంట్లో, సాయంత్రం పూట, ట్యూబ్‌లైట్ వెలుతురులోనే కదా. బాడీతో వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్‌ను 55 దాకా జూమ్ చేస్తే ఎపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. కాంతి చాలక షటర్ స్పీడు (ఫొటోకి షటర్ తెరిచి ఉండే సమయం) 1/15 సెకను దగ్గరికి పడిపోతుంది. ఆడుకునే పిల్ల అంతసేపు కదలకుండా ఉండదు, ముఖం అలుక్కుపోయినట్టు వస్తుంది. అదే వెలుతురులో ఎఫ్ 1.8 లెన్స్ పెడితే దాదాపు పది రెట్లు కాంతి లోపలికి వస్తుంది. ఐఎస్ఓ (సెన్సర్ కాంతికి స్పందించే స్థాయి) పెంచకుండానే 1/125 దాకా వెళ్లొచ్చు. మా ఇంట్లో పిల్లల మంచి ఫొటోలన్నీ 50 ఎంఎం ఎఫ్ 1.8తో తీసినవే.

అయితే ఒక ఇబ్బంది ఉంది. కానన్ ఏపీఎస్-సీ బాడీ మీద 50 ఎంఎం లెన్స్ ఫిలిం కెమెరా మీది 80 ఎంఎం లాగా పనిచేస్తుంది, అంటే దృశ్యాన్ని మరింత దగ్గరికి లాగి చూపిస్తుంది. చిన్న గదిలో వెనక్కి జరిగి జరిగి గోడకి ఆనుకున్నా పాప మొత్తం ఫ్రేములో పట్టదు. ముఖాలు తీయడానికి అద్భుతం, ఇరుకు గదికి మాత్రం కానన్‌లో 24 ఎంఎం ఎఫ్ 2.8 నయం. నికాన్ తీసుకుంటే 35 ఎంఎం ఎఫ్ 1.8 డీఎక్స్ (నికాన్ ఏపీఎస్-సీ లెన్స్‌ల పేరు) తీసుకోండి, ఇంట్లో వాడకానికి అంతకంటే పనికొచ్చే లెన్స్ నాకు కనబడలేదు.

నికాన్‌తో మరో జాగ్రత్త. డీ3500 బాడీలో ఫోకస్ మోటారు ఉండదు. పాత 50 ఎంఎం ఎఫ్ 1.8డీ లెన్స్ చవగ్గా దొరికినా దాని మీద ఆటోఫోకస్ పనిచేయదు. పేరులో ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని ఉన్నవే (లెన్స్‌లోనే మోటారు ఉన్నవి) కొనండి.

వీడియో కూడా ముఖ్యమైతే ఆలోచించకుండా 200డీ మార్క్ 2 తీసుకోండి. స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు దాని ఫోకస్ చాలా వేగం, స్క్రీన్ తిరుగుతుంది, బయటి మైకు పెట్టుకోవచ్చు. 1500డీ, డీ3500లకి మైకు పోర్టే లేదు. కానీ 200డీ మార్క్ 2 హాట్‌షూలో (పైన ఫ్లాష్ బిగించే చోటు) మధ్య పిన్ ఉండదు కాబట్టి ఒకే పిన్ ఉన్న చవక మాన్యువల్ ఫ్లాష్‌లు దాని మీద వెలగవు. కానన్ ఈ-టీటీఎల్ (ఫ్లాష్ వెలుగును కెమెరాయే సరిచూసుకునే పద్ధతి) ఉన్న ఫ్లాష్ కావాలి. పెళ్లిళ్లు తీస్తానన్నారు కాబట్టి చెప్తున్నాను. ఫొటోలు మాత్రమే చాలంటే డీ3500 బ్యాటరీకి సాటి లేదు. కంపెనీ లెక్క ప్రకారమే ఒక్క చార్జికి 1550 ఫొటోలు, రాత్రి ముహూర్తం పెళ్లికి టెన్షన్ ఉండదు. కానన్ 3000డీ జోలికి మాత్రం వెళ్లొద్దు, 18 మెగాపిక్సెల్, పైగా లెన్స్ మౌంట్ (లెన్స్ బిగించే రింగు) ప్లాస్టిక్.

డీ3500 తయారీ ఆగిపోయింది, ఇప్పుడు దొరికేవి ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌వే. భయపడక్కర్లేదు. చాలామంది మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కొత్తరకం కెమెరాలకి) మారుతూ మంచి డీఎస్ఎల్ఆర్‌లు అమ్మేస్తున్నారు, మొదటి కెమెరాకి ఇది నిజంగా మంచి సమయం. కొనేముందు షటర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారన్న లెక్క) అడగండి. ఎఫ్ 16 పెట్టి తెల్ల గోడని ఫొటో తీసి చూడండి, సెన్సర్ మీద దుమ్ముంటే నల్ల చుక్కలు కనిపిస్తాయి. లెన్స్‌లోకి ఫోన్ టార్చ్ వేసి సాలెగూడు లాంటి దారాలు ఉన్నాయేమో వెతకండి, అది ఫంగస్. అలాంటిది ఎంత తక్కువకిచ్చినా వద్దు. మాది కాకినాడ, సముద్రపు తేమకి ఇక్కడ ఫంగస్ త్వరగా పడుతుంది. అందుకే నేను కెమెరాని బ్యాగులో వదిలేయకుండా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) వేసి పెడతాను. రంగు మారే సిలికా జెల్ అయితే ఎప్పుడు ఎండబెట్టాలో చూడగానే తెలిసిపోతుంది.