నెలలు నిండని బిడ్డను రోజంతా గుండె మీద ఉంచుకోవచ్చా?

కావలి నుంచి అడిగిన అమ్మకు: మీ బాబు నెలలు నిండకుండా 1,700 గ్రాములతో పుట్టాడు. గుండె మీద పడుకోబెట్టుకోమని నర్సు చెబితే, ఒడి మరిగినవాడు ఇక కింద దిగడని మీ అత్తగారు అంటున్నారు. ఈ విషయంలో నర్సు మాటే వినండి.

మాది సింగరాయకొండ. మా పాప ఎనిమిదో నెలలోనే ఒంగోలులో పుట్టింది. సిజేరియన్ తర్వాత మా ఆవిడ లేవలేని స్థితిలో ఉంటే, నా చొక్కా విప్పించి పాపను నా ఛాతీకి ఆనించి గుడ్డతో కట్టారు. చల్లగా ఉన్న ఆ పాదాలు కాసేపటికి వెచ్చబడటం నా అరచేతికి తెలిసింది. తండ్రి ఒంటి వేడి కూడా బిడ్డకు పనికొస్తుందని మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. మీవారితోనూ ఈ పని చేయించండి, మీకు కాస్త నిద్ర దొరుకుతుంది.

దీన్ని కంగారూ సంరక్షణ అంటారు. 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే అనే వైద్యుడు మొదలుపెట్టారు. అలాగని గతిలేక చేసే వైద్యమనుకోకండి. మన దేశంతో సహా ఐదు దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన అధ్యయనం 2021లో వెలువడింది. బిడ్డ స్థిమితపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే హత్తుకోవడం మొదలుపెట్టినచోట శిశు మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఇప్పుడు ఆ సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటల పాటు ఇలా ఉంచమంటోంది. అంతసేపు ఉంచమన్నది వైద్యులే అయినప్పుడు అలవాటవుతుందన్న బెంగ దేనికి?

బాబును నిలువుగా, తల ఒక పక్కకు తిప్పి, ముక్కూ నోరూ కనబడేలా ఆనించుకోండి. మీరు కాస్త వెనక్కి వాలి కూర్చోండి. సోఫాలో మాత్రం బాబుతో నిద్రపోవద్దు.

మీ అత్తగారిని దూరం పెట్టకండి. మన చర్మంలో నెమ్మదిగా నిమిరితేనే బాగా స్పందించే సన్నని నరాలున్నాయి. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్లు, అంటే పెద్దవాళ్లు జోకొడుతూ వీపు నిమిరే వేగం. ఆ చెయ్యి బాబుకు కావాలి. కాళ్ల మీద వేసుకుని గట్టిగా నూనె రుద్దడం, సాంబ్రాణి పొగ వేయడం మాత్రం వద్దని నెమ్మదిగా చెప్పండి.

పాలు తాగడం తగ్గినా, డొక్కలు ఎగరేస్తున్నా, హత్తుకున్నా ఒళ్లు చల్లగానే ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.