మొదటి జీతం ఆలస్యం కానివ్వకు

అమ్ములూ,

తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌లో పర్సనల్ కేర్ (స్నానం, బట్టలు లాంటి పనుల్లో ఇంటి దగ్గర సాయం) తీసుకునేవాళ్లు తమ కేర్‌గివర్‌ని తామే పెట్టుకునే ప్రోగ్రామ్‌ని మీ రాష్ట్రంలో మొదలుపెట్టే పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. నేను రిటైరయ్యేదాకా చేసింది ఆ పనే. ఉండబట్టలేక రాస్తున్నాను.

ముందు ఒకావిడ సంగతి చెప్తాను. తెలుగావిడే. పక్షవాతంతో ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. ఏజెన్సీ పంపే అమ్మాయి పదకొండింటికి గానీ వచ్చేది కాదు. స్నానం చేసి దీపం పెట్టందే కాఫీ ముట్టని మనిషి, అప్పటిదాకా మంచం అంచున అలాగే కూర్చునేది. మా ప్రోగ్రామ్‌లో చేరాక ఎదురింటి అమ్మాయిని పెట్టుకుంది. ఏడింటికల్లా దీపం వెలిగేది.

అయితే ఆ ఎదురింటి అమ్మాయికి ఐదు వారాలు జీతం రాలేదు. ఏదో ఫారంలో తేదీ వేయలేదని పేరోల్ చూసే సంస్థ ఆపేసింది, ఎవరికీ చెప్పలేదు. నేను వాళ్లింటికి వెళ్లేసరికి పెద్దావిడ కవర్లో నలభై డాలర్లు పెట్టి ఇవ్వబోతోంది, ఆ అమ్మాయి వద్దని వెనక్కి తోస్తోంది. ఎన్ని ఫారాలు ఆగిపోయాయో వారం వారం అడగాలని నాకు తోచలేదు. నువ్వు అడుగు. ఆగిపోయిన ప్రతి ఫారం గురించి రెండు రోజుల్లో ఆ ఇంటికి ఫోన్ వెళ్లాలని కాంట్రాక్టులోనే రాయించు. కేర్‌గివర్ జీతం ఆగిందంటే మర్నాడు స్నానం చేయించే మనిషి ఉండదు.

మీ బడ్జెట్ వాళ్లు ఖర్చు పెరుగుతుందని భయపడతారు. 1998లో ఆర్కాన్సాలో, తర్వాత న్యూజెర్సీ, ఫ్లోరిడాల్లో ఈ పద్ధతిని ప్రయోగంగా పెట్టి, లాటరీ తీసినట్టు కొందరిని ఇందులో, కొందరిని పాత పద్ధతిలో ఉంచి పోల్చారు. తమ మనిషిని తామే పెట్టుకున్నవాళ్లు ఎక్కువ సంతోషంగా ఉన్నారు, వాళ్ల ఆరోగ్యమేమీ దెబ్బతినలేదు. ఆర్కాన్సాలో పర్సనల్ కేర్ ఖర్చు పెరిగిన మాట నిజమే. ఎందుకంటే పాత పద్ధతిలో కాగితం మీద గంటలు మంజూరైనా, ఏజెన్సీల దగ్గర మనుషులు లేక చాలామందికి ఆ సాయం అందనే లేదు. అందని సాయాన్ని పొదుపు అనకూడదని గట్టిగా చెప్పు. నేను చెప్పాను, ఒకటికి పదిసార్లు.

చట్టం సంగతి మీ లాయర్లు చూసుకుంటారు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. సోషల్ సెక్యూరిటీ చట్టంలో సెక్షన్ 1915(జె) కింద అయితే కొన్ని కౌంటీల్లో, కొంతమందితో మొదలుపెట్టవచ్చు. 1915(కె) కింద ఖర్చులో ఫెడరల్ ప్రభుత్వ వాటా 6 శాతం పాయింట్లు ఎక్కువ వస్తుంది, కానీ రాష్ట్రమంతటా ఒకేసారి ఇవ్వాలి, వెయిటింగ్ లిస్టు పెట్టకూడదు. మొదటిసారి కాబట్టి చిన్నగా మొదలుపెట్టమనే అంటాను.

కౌన్సెలర్ల జీతాల దగ్గర పొదుపు చేయొద్దు. కేర్‌గివర్‌ని ఎలా ఎంచుకోవాలి, నచ్చకపోతే ఎలా మాన్పించాలి, ఆ రోజు రాకపోతే ఎవరిని పిలవాలి అని పక్కన కూర్చుని చెప్పేది వాళ్లే. సొంత కోడల్ని కేర్‌గివర్‌గా పెట్టుకున్న అత్తగారికి 'సరిగ్గా చేయడం లేదమ్మా' అని చెప్పడం ఎంత కష్టమో నీకు తెలియంది కాదు.

ఇక ఫోన్‌లో కేర్‌గివర్ వచ్చిన, వెళ్లిన వేళలు నమోదు చేసే ఈవీవీ గోల. పర్సనల్ కేర్‌కి అది 2020 నుంచి తప్పనిసరే, కానీ అదే ఇంట్లో ఉండే కేర్‌గివర్లకు రాష్ట్రం మినహాయింపు ఇవ్వవచ్చు. ఇప్పించు. రాత్రి రెండింటికి అమ్మని పక్కకు తిప్పి పడుకోబెట్టే కూతురు యాప్ తెరవాలా?

ప్రోగ్రామ్ మొదలయ్యే ముందు ఒక ఆదివారం ఆ ఫారాల కట్ట ఇంటికి తెచ్చుకో. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కదపకుండా, అన్నీ నువ్వే నింపు. ఎంతసేపు పట్టిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ