ఎలక్ట్రిక్ రే చేప కరెంటుతో ఎలా వేటాడుతుంది?

ఇది మన టేకు చేపలకు చుట్టమే. గుండ్రటి ఒళ్ళు, చిన్న కళ్ళు, మందపాటి తోక. తలకు రెండు వైపులా మూత్రపిండాల ఆకారంలో విద్యుత్ అవయవాలు ఉంటాయి. వాటిలో మార్పు చెందిన కండర కణాలు పలుచటి బిళ్ళల్లా దొంతరలు దొంతరలుగా ఉంటాయి. ఒక్కో బిళ్ళ ఇచ్చే వోల్టేజ్ చాలా తక్కువ. మెదడు నుంచి సంకేతం రాగానే అన్నీ ఒకేసారి పనిచేసి, ఆ చిన్న వోల్టేజ్‌లన్నీ కలిసి పెద్ద షాకు అవుతాయి, అదీ కిటుకు. (1800లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా తన బ్యాటరీని ఈ చేప అవయవంతోనే పోల్చాడు!)

కాలిఫోర్నియా తీరంలోని పసిఫిక్ జాతినే తీసుకోండి. పగలు ఇసుక కప్పుకుని కదలకుండా పడుంటుంది. వేరే చేప ఏదైనా దగ్గరికొస్తే ఒక్క ఉదుటున మీదపడి, రెక్కలతో చుట్టేసి, సుమారు 45 వోల్టుల షాకులు వరసగా ఇస్తుంది. అది బిగుసుకుపోయాక నోటి వైపు తిప్పుకుని, ఎక్కువగా తల వైపు నుంచి మింగేస్తుంది. రాత్రయితే ఇసుక వదిలి నీటి మధ్యలో తేలుతూ వేటాడుతుంది. ఈత బద్ధకమే. రెక్కలు ఆడించదు, తోకతో నెట్టుకుంటూ పోతుంది.

అట్లాంటిక్ జాతి ఇంకా పెద్దది, షాకు 220 వోల్టుల దాకా ఉంటుంది. బంగాళాఖాతంలోనూ చిన్న జాతులున్నాయి. వలలో పడితే వట్టి చేతులతో పట్టుకోకండి.